ఖాళీ ఇల్లే కదా అనకండి

సంపాదకుడు గారికి,

ఎవరో కావాలని నిప్పు పెట్టిన వార్త వచ్చినప్పుడల్లా చివర్లో 'ప్రాణనష్టం జరగలేదు' అని ఒక ముక్క వేసి ముగించేస్తారు, చదివినవాళ్లు కూడా పోనీలే, ఖాళీ ఇల్లే కదా అనుకుని పేజీ తిప్పేస్తారు. నా అభ్యంతరం దీని మీదే.

అది ఖాళీ ఇల్లని నిప్పు పెట్టినవాడికి తెలుసేమో, మంటలార్పడానికి వెళ్లే ఫైర్ సిబ్బందికి ఎలా తెలుస్తుంది? ఎవరైనా తలదాచుకుని లోపల పడుకున్నారేమోనని, కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడని పొగలో, వీపున గాలి సిలిండర్ మోస్తూ, గోడ వదలకుండా మోకాళ్ల మీద పాకుతూ గది గదీ వెతకాల్సిందే. పెట్రోల్ పోసి అంటిస్తే మంట క్షణాల్లో అందుకుంటుంది, అదీ రెండు మూడు చోట్ల అంటిస్తే లోపలికి వెళ్లిన దారే మూసుకుపోవచ్చు.

2006 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఎస్పరాంజా కార్చిచ్చు అలా ఒకడు అంటించిందే. ఒకే ఫైరింజన్ మీద పనిచేసే ఐదుగురు ఒక ఇంటిని కాపాడబోయి కాలిపోయారు. ఆ ఇంట్లో అప్పుడు ఎవరూ లేరు! అంటించినవాణ్ణి 2009లో కోర్టు హంతకుడిగానే తేల్చింది, నా దృష్టిలో అదే సరైన మాట. ప్రాణాలతో బయటపడ్డవాళ్లకైనా ఆ పొగ మిగిల్చే ముప్పు తక్కువేం కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ల పనినే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ తెస్తాయని గట్టిగా తేలినవాటిలో చేర్చింది.

చిన్న ఊరైతే నష్టం ఇంకా లోతుగా దిగుతుంది. ఉండేది ఒకే బండి, చాలా దేశాల్లో అయితే దాని మీద వెళ్లేది జీతం లేని వాలంటీర్లే, అంటే పక్కింటివాళ్లే. ఆ బండి ఇక్కడ ఇరుక్కున్నంతసేపూ ఇంకోచోట నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు ఎదురుచూడాలి. ఉన్న ఒక్క కొట్టో, బడో తగలబడితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం ఉండదు. అన్నిటికంటే ఘోరం అనుమానం. పెట్టినవాడు దొరికేదాకా అందరూ ఒకరినొకరు అదోలా చూసుకోవడమే, రాత్రి కుక్క మొరిగినా టెన్షనే.

కాబట్టి ఈసారి అలాంటి వార్త వేసేటప్పుడు మంటల్లోకి ఎంతమంది సిబ్బంది వెళ్లారో, ఎవరికైనా గాయాలయ్యాయో, బండి ఎన్ని గంటలు అక్కడే ఉండిపోయిందో కూడా రాయండి. ఎవరు పెట్టారో తెలిసి కూడా 'మన కుర్రాడే కదా' అని నోరు మెదపనివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, వెంటనే వెళ్లి చెప్పండి, ఇంకోచోట అంటించకముందే.

ఇట్లు,
ఒక పాఠకురాలు