పాతికవేలు పంపే ముందు నాలుగు మాటలు

అమ్మలూ,

ఫోన్ నిండిపోయింది, కొత్తది కొనాలి, నాన్నతో చెప్పి పాతికవేలు సర్దమని మీ అమ్మని అడిగావట. నేను కాదనలేదు, అవుననలేదు. ఫోన్ పగిలిందా అంటే లేదు, బ్యాటరీ దిగిపోతోందా అంటే అదీ లేదు, 'స్టోరేజ్ ఫుల్' అని వస్తోందట, అంతే. దానికి పాతికవేలా? ఫోన్ చేసి చెబితే 'సరే నాన్నా, సరే నాన్నా' అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడదామనుకున్నా గానీ, ఉన్నవి చాలవన్నట్టు నేనో ఫొటో కలపడం ఎందుకని మెయిల్లోనే కొడుతున్నాను. అసలు నీకు మెయిల్ చేరుతుందో లేదో, ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

నీకేం తెలుసు నాన్నా అంటావేమో. మిర్చి యార్డులో గుమస్తా పనంటే ఇప్పుడు సగం ఫోన్ పనే. సీజన్లో తెల్లారకముందే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. లాటు లాటుకీ శాంపిల్ తీసి గోనెపట్టా మీద పోసి, రంగు ఉన్నదున్నట్టు పడేలా ఎండ వెలుతురులో ఒక ఫొటో, తొడిమా తాలూ కనపడేలా ఇంకోటి, అటువైపు పార్టీ అడిగితే కాయ విరిచి గింజ చూపిస్తూ వీడియో. తేజ రకానికైనా ఇంతే, 334కైనా ఇంతే, బాడిగకైనా ఇంతే. బేరం తెగిపోయాక ఆ ఫొటోతో ఎవరికీ పని లేదు, కానీ అది పంపినవాడి ఫోన్లోనూ చూసినవాడి ఫోన్లోనూ కూర్చునే ఉంటుంది. మా షాపులో ఎవరి ఫోన్ మొరాయించినా ఇప్పుడు నా దగ్గరికే తెస్తారు, మీ అమ్మ నమ్మదు గానీ.

ముందు ఒకటి తేల్చుకో. ఫుల్ అని వస్తున్నది ఫోన్‌దా, గూగుల్ అకౌంట్‌దా? రెండూ వేరు. మీ బాబాయి కూడా రెండూ ఒకటే అనుకుని నాతో వాదిస్తాడు. నీ ఫోన్లో ఉన్నది 64 జీబీ, అందులో సిస్టమ్ వాటా కొన్నరోజే పోయింది. గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. ఫోన్ నిండితే కెమెరా ఫొటో తీయనంటుంది, యాప్ అప్‌డేట్ అవదు, చిరాకు తప్ప కొంప మునిగేదేం లేదు. గూగుల్ నిండితే మాత్రం నీకు మెయిళ్లు రావు, పంపినవాళ్లకే తిరిగిపోతాయి. ప్లేస్‌మెంట్ల టైములో ఉన్నావు. ఏ కంపెనీ వాళ్లో ఇంటర్వ్యూ మెయిల్ పెట్టి అది వెనక్కి పోతే ఎవరినని అడుగుతాం? అందుకే అది ముందు చూడు, ఈ రాత్రికే.

జీమెయిల్ సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో లార్జర్ అని రాసి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా 10ఎం అని కొట్టు (larger:10M). పది ఎంబీ దాటిన మెయిళ్లన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి తీసేసి ట్రాష్ కూడా ఖాళీ చెయ్యి, ట్రాష్‌లో ఉన్నంతకాలం అవీ లెక్కలోనే ఉంటాయి. డ్రైవ్‌లోనూ అంతే. తర్వాత వాట్సాప్ బ్యాకప్. ఇదివరకు ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్‌ని గూగుల్ లెక్క కట్టేది కాదు, 2024 నుంచి ఆ 15 జీబీలోనే కలిపేస్తోంది, చాలామందికి ఉన్నట్టుండి నిండిపోయింది అందుకే. బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు కూడా కలపమన్న మీట ఒకటి ఉంటుంది, అది ఆపెయ్యి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 2021 జూన్ 1కి ముందు 'హై క్వాలిటీ'లో గూగుల్ ఫొటోస్‌కి ఎక్కినవేవీ ఆ 15 జీబీలో లెక్కకి రావు. కాబట్టి పాతవే కదా అని నీ పదో తరగతి ఫొటోలు అక్కడ తీసేశావనుకో, ఫొటోలు పోతాయే గానీ జాగా పైసా కలిసిరాదు. తియ్యాల్సింది ఆ తర్వాతవి.

ఇక ఫోన్ సంగతి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే ఎవరెంత తింటున్నారో వరసగా చూపిస్తుంది. నీ ఫోన్లో మొదట వాట్సాప్, రెండోది టెలిగ్రామ్ ఉంటాయని నా పందెం.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. అక్కడ 5 ఎంబీ దాటినవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట పెట్టి ఉంటాయి. ఫార్వర్డ్ అయినవాటిని చూడకుండా తీసేసినా ఫరవాలేదు, మన బంధువుల గ్రూపులో పొద్దున్నే వచ్చే పూలూ దేవుళ్లూ అన్నీ అక్కడే ఉంటాయి, మీ అమ్మ పంపినవీ ఉంటాయి, ఆమెకి చెప్పకు. 5 ఎంబీ దాటినవి మాత్రం ఒక్కొక్కటీ చూసి తియ్యి. దాని కింద ఏ గ్రూపు ఎంత మింగిందో పెద్దది పైన వచ్చేలా ఉంటుంది. ఇంకోటి, ఆండ్రాయిడ్‌లో నువ్వు గ్యాలరీలోంచి ఎవరికైనా వీడియో పంపితే వాట్సాప్ తన సెంట్ ఫోల్డర్లో ఇంకో కాపీ దాస్తుంది. గ్యాలరీలో తీసేశాను కదా, జాగా ఎందుకు రాలేదు నాన్నా అని పోయిన సంక్రాంతికి అడిగావు చూడు, దానికి జవాబు ఇదే కావచ్చు.

ఇదంతా చేశాక ఆటో డౌన్‌లోడ్ ఆపకపోతే మాత్రం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. అదే స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ అని ఉంటుంది, వైఫై కిందా వీడియోలకి టిక్కు తీసెయ్యి. హాస్టల్ వైఫై ఫ్రీ కదా అని వదిలేస్తావు, ఫ్రీ నెట్టే, నిండేది నీ ఫోను.

టెలిగ్రామ్ ఇంకా సులువు. నువ్వు దింపిన పేపర్లు, క్లాసు వీడియోలు, సినిమాలు (అవునులే, చదువుకోడానికే అంటావు) అన్నీ వాళ్ల సర్వర్లో ఉంటాయి. ఫోన్లో ఉన్నది కాపీ మాత్రమే. క్యాష్ (డబ్బు కాదు, యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) క్లియర్ చేస్తే చాట్లు పోవు, కావాలంటే మళ్లీ దించుకోవచ్చు, ఆ ఛానెల్ వాడు తీసెయ్యనంతవరకు. అక్కడే ఎన్నాళ్లు ఉంచాలో కూడా అడుగుతుంది, వారం పెట్టు చాలు.

క్యాష్ అన్నాను కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. యాప్ వివరాల్లోకి వెళ్తే క్లియర్ క్యాష్, క్లియర్ డేటా అని పక్కపక్కనే రెండుంటాయి, కొన్ని ఫోన్లలో రెండోదాన్ని క్లియర్ స్టోరేజ్ అంటారు. మొదటిది నొక్కితే ఏమీ కాదు. రెండోది నొక్కితే ఆ యాప్ అప్పుడే కొత్తగా వేసుకున్నట్టు అయిపోతుంది. పక్క షాపు గుమస్తా ఒకాయన పోయిన సీజన్ మధ్యలో వాట్సాప్‌కి ఈ రెండోదే నొక్కాడు, బ్యాకప్ లేదు. రైతుల తూకం చీటీల ఫొటోలు, పార్టీలు ఒప్పుకున్న రేట్ల మెసేజ్‌లు అన్నీ పోయాయి. పాపం రెండు వైపులా ఫోన్లు చేసి బతిమాలుకుని పుస్తకం మళ్లీ రాసుకున్నాడు, ఒకరిద్దరు రైతులు అసలు చీటీలు దాచుకోబట్టి సరిపోయింది. కోల్డ్ స్టోరేజీలో ఏ టిక్కీ ఎవరిదో చూడకుండా జాగా కావాలని బయటికి తోసేస్తామా? ఇదీ అంతే. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివాటికి ఆ బటన్ నొక్కితే మళ్లీ సిమ్‌తో రిజిస్టర్ చేసుకునే తతంగమంతా ఉంటుంది, వాటి జోలికి పోకు.

గూగుల్ ఫొటోస్‌లో కూడా ఇలాంటి మెలికే ఒకటుంది. బ్యాకప్ అయింది కదా, ఫోన్లోది తీసేద్దాం అని ఆ యాప్‌లో డిలీట్ కొడితే గూగుల్‌లో ఉన్న కాపీ కూడా దాంతోపాటే పోతుంది. నువ్వు నొక్కాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్', అది బ్యాకప్ అయినవాటి ఫోన్ కాపీలు మాత్రమే తీస్తుంది. ముందు బ్యాకప్ పూర్తయిందో లేదో చూసుకో. బ్యాకప్ అయిన ఫొటో పొరపాటున డిలీట్ అయితే 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, అక్కణ్ణుంచి తెచ్చుకోవచ్చు.

మీ కాలేజీ ఫెస్టు వీడియోలు నాకు పంపావు, చూశాను, బాగున్నాయి, కానీ చివరి వరసలోంచి స్టేజీని తీసినదానికి 4కే ఎందుకమ్మా? 1080కి మార్చుకో, 4కేలో ఒక్కో ఫ్రేముకి నాలుగింతల చుక్కలు, బరువు దానికి తగ్గట్టే పెరుగుతుంది. మీ రూమ్మేట్ ఐఫోన్ చూసి మనసు పడుతున్నావేమో, దాని ఐక్లౌడ్‌లో ఊరికే వచ్చేది 5 జీబీయే.

'మీ ఫోన్లో వైరస్‌లు ఉన్నాయి, ఇప్పుడే శుభ్రం చేయండి' అని ఎర్రగా మెరుస్తూ వచ్చే క్లీనర్ యాప్‌లు ఏవీ వేసుకోకు. జాగా చేయమని పిలిస్తే ముందు అవే జాగా తీసుకుంటాయి, పైగా ప్రకటనలు. కావాలంటే గూగుల్ వాళ్లదే ఫైల్స్ యాప్ ఉంది, డూప్లికేట్లు, పెద్ద ఫైళ్లు వేరు చేసి చూపిస్తుంది. అడక్కుండా ఏదీ తీయదు. ఆధార్, మెమోల ఫొటోలు గ్యాలరీలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి నీకు, జిరాక్స్ షాపు వాడికి వాట్సాప్ చేసినవి కూడా ఆ చాట్‌లో అలాగే పడి ఉంటాయి. డిజీలాకర్లో పెట్టుకుని ఇవన్నీ తీసెయ్యి, జాగా కోసం కాదు, ఫోన్ ఎక్కడైనా పోతే అదొక టెన్షన్.

తీయకూడనిది ఒకటే చెప్తాను. తాతయ్య వాయిస్ మెసేజ్‌లు నీ చాట్‌లో ఉన్నాయని నాకు తెలుసు, 'అమ్మలూ, తిన్నావా' అని దగ్గుతూ అడిగేవి. నా ఫోన్లో లేవు, ఆయన నాకు మెసేజ్ పెట్టేవాడు కాదు, కేకేసి పిలిచేవాడు. అవన్నీ కలిపినా కేబీల్లో లెక్క, నీ ఫెస్టు వీడియో ఒక్కటీ వాటికి ఎన్నో రెట్లు ఉంటుంది. వాటిని తీసి నీకు ఒరిగేదేమీ లేదు. ఒక కాపీ నాకు పంపు.

ఇన్ని చేసినా పదో వంతు జాగా కూడా ఖాళీ రాకపోతే అప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, పాతికవేలు మాత్రం కాదు. ఈలోగా టైప్‌సీ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను, నేరుగా ఫోన్‌కే గుచ్చుకుని వీడియోలు దానికి మార్చుకోవచ్చు. మార్చాక నాలుగైదు తెరిచి ఆడుతున్నాయో లేదో చూసుకున్నాకే ఫోన్లోవి తియ్యి. ఎల్లుండి ఆర్టీసీ పార్సిల్లో గోంగూర పచ్చడి, కారప్పొడి వస్తున్నాయి, దాంట్లోనే పెన్‌డ్రైవ్ కూడా పెట్టిస్తున్నా. పెన్‌డ్రైవ్‌ని రెండు కవర్లలో చుట్టి కారప్పొడి డబ్బాకి అటుపక్కన పెట్టమని మీ అమ్మకి చెప్పాను, అయినా వాసన పడితే నన్నేం అనకు. అందగానే ఫోన్ చెయ్యి, ఈ మెయిల్ వచ్చిందో లేదో కూడా చెప్పు.

మీ నాన్న
గుంటూరు