మీరు కట్టిన వాయిదా, మేస్త్రికి మేం పెట్టిన బకాయి

మాతో ఇల్లు కట్టించుకుంటున్న మీ అందరికీ నమస్కారం.

గత నెలలో మా సైటు ఒకదానిలో పని 19 రోజులు ఆగిపోయింది. "సెంట్రింగ్ వాళ్లు (స్లాబు పోయడానికి కింద పలకలు, జాకీలు నిలబెట్టేవాళ్లు) రావడం లేదండీ" అని ఆ ఇంటివారికి చెప్పాం. నిజమే, కానీ సగం నిజం. మేం డబ్బు ఇవ్వలేదు కాబట్టి వాళ్లు రాలేదు. ఆ ఇంటివారు స్లాబు వాయిదా గడువుకు రెండు రోజుల ముందే కట్టేశారు. ఆ సొమ్ము తీసి వేరే సైటులో టైల్స్ వాళ్ల బకాయికి సర్దింది నేనే. అక్కడి వాయిదా రాగానే ఇక్కడ పూడ్చేద్దామనుకున్నాను. అది సమయానికి రాలేదు. ఇక్కడ సెంట్రింగ్ కొట్టిన మేస్త్రి మూడు వారాలు చేబదుళ్లు తెచ్చి తన మనుషులకు కూలి ఇచ్చాడు. ఇక తేలేక ఇంకో పనికి వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు, తప్పు నాది. ఆ ఇంటివారి ఎదుట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమని అడిగాను. ఆ మొత్తం తిరిగి వాళ్ల ఇంటి లెక్కలో వేశాం. మిగతావాళ్ల డబ్బు కూడా మా చేతుల మీదుగానే వెళ్తోంది కనుక మీకూ చెప్పాలి.

ఒక ఇంటి పనిలో మా సొంత మనుషులు చేసేది కొంతే. సెంట్రింగ్, కడ్డీ పని, గోడలు, ప్లంబింగ్, కరెంటు, టైల్స్, రంగులు, ఇలా ఒక్కో పనికి ఒక్కో సబ్‌కాంట్రాక్టరు ఉంటారు. వాళ్లలో చాలామందికి పనిమనుషులు ఉంటారు గానీ చేతిలో నిల్వ ఉండదు. కూలి వారం వారం ఇవ్వాలి, మా బిల్లు నెలకోసారి వస్తుంది. నడుమ వారాల భారం వాళ్లదే. మేం ఇంకో నెల జాప్యం చేస్తే వడ్డీకి తెస్తారు. ఆ వడ్డీ తర్వాతి పని రేటులో కలుస్తుంది, అది చివరికి ఇల్లు కట్టించుకునేవాళ్ల మీదే పడుతుంది. పనితనం ఉన్న మేస్త్రిని పిలిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డబ్బు నిలబడిపోయే చోటు నుంచి ముందు వెళ్లిపోయేది అలాంటివాళ్లే.

అలాగని అడిగినంతా ఇచ్చేయడం కూడా మంచిది కాదని ఇంకో ఇంట్లో తెలిసింది. "ముప్పావు వంతు అయిపోయింది" అన్నారు ప్లంబింగ్ చేసేవారు. చూస్తే అలాగే కనిపించింది, గోడల్లో పైపులన్నీ వేసేశారు. 75 శాతం ఇచ్చేశాం. మొదట్లో ఇచ్చిన అడ్వాన్సును అందులోంచి కోయడం కూడా మరిచాం. పైపులకు నీటి ఒత్తిడి పరీక్ష జరగకముందే టైల్స్ వేసి గోడ మూసేశారు. కొన్ని వారాలకు స్నానాల గది వెనక గోడకు చెమ్మ దిగింది. అప్పటికి ఆయనకు మా దగ్గర మిగిలింది ఆ పనికి తిరిగి రావడానికి కూడా గిట్టదు. రాలేదు. వేరే మనిషిని పెట్టి టైల్స్ పగలగొట్టి, కారుతున్న జాయింటు మార్చి, మళ్లీ వేయించాం. ఆ ఖర్చంతా మాదే.

ఈ రెండు సంఘటనల తర్వాత "ఎంత వంతు అయింది" అని అడగడం మానేశాం. ఇకనుంచి ప్రతి నెలా 25న కొలతలు. మా ఇంజినీరు, సబ్‌కాంట్రాక్టరు ఇద్దరూ టేపు పట్టుకుని కలిసి కొలుస్తారు, కొలతల పుస్తకంలో ఇద్దరూ సంతకం చేస్తారు. కడ్డీ పనికి పొడవు కొలిచి బరువు కడతాం. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 16 మి.మీ. అయితే 1.58. ఈ లెక్క మీరూ వేసి చూసుకోవచ్చు. ప్లాస్టరింగ్ చదరపు మీటర్లలో. తలుపులు, కిటికీల ఖాళీలు తీసేయాలా వద్దా, పక్కల అంచులు కలపాలా అన్నది పని మొదలుకాకముందే రాసుకుంటాం. మాకు వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట రాసుకోకపోవడం వల్లే వచ్చాయి.

కొలతకు లొంగని పనులను మెట్లుగా విడగొట్టాం. ప్లంబింగ్‌లో పైపులు వేసినందుకు 40 శాతం, ఒత్తిడి పరీక్షలో నిలిచినందుకు 30, కుళాయిలు, సింకులు బిగించినందుకు 20, ఇల్లు అప్పగించే రోజున నీళ్లు పారించి చూపినందుకు 10. సెంట్రింగ్ సంగతి వేరు. స్లాబు పోశాక కూడా, స్పాన్‌ను (ఆధారాల మధ్య దూరాన్ని) బట్టి వారం నుంచి మూడు వారాల దాకా, ఆ మేస్త్రి జాకీలు, పలకలు దాని కిందే ఉండిపోతాయి. ఆ రోజులన్నీ అతని పెట్టుబడి మీ ఇంట్లో ఇరుక్కున్నట్టే. అందుకే అతని డబ్బులో ఎక్కువ భాగం కాంక్రీటు పోసిన నెలలోనే ఇస్తాం, మిగతాది సెంట్రింగ్ విప్పాక స్లాబు అడుగు చూసి ఇస్తాం.

ప్రతి బిల్లు మొదటి రోజు నుంచి ఆ రోజు దాకా జరిగిన పని మొత్తానికి వేస్తాం. అందులోంచి ఇంతకుముందు ఇచ్చింది తీసేస్తాం. పోయిన నెల కొలతలో పొరపాటు జరిగినా ఈ నెల దానంతటదే సర్దుకుంటుంది, ఒకే గోడకు రెండుసార్లు డబ్బు వెళ్లదు. అడ్వాన్సు 10 శాతం మించదు. ప్రతి బిల్లులో 20 శాతం చొప్పున కోస్తాం, కాబట్టి సగం పని అయ్యేసరికి అది తీరిపోతుంది. రిటెన్షన్, అంటే లోపాలు సరిచేస్తారన్న హామీగా బిల్లులోంచి ఆపి ఉంచే సొమ్ము, 5 శాతం. ఇల్లు అప్పగించాక అందులో సగం ఇస్తాం, 12 నెలలకు లోపాలన్నీ సరిచేశాక మిగతా సగం. ఆ సొమ్ము కూడా మీ ఇంటి ఖాతాలోనే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు ప్రతి ఇంటికీ విడిగా బ్యాంకు ఖాతా తెరిచాం.

కొలతలయ్యాక ఏడు రోజుల్లో చెల్లింపు. ఏదైనా పని మీద తేడా ఉంటే ఆ పని డబ్బు మాత్రమే ఆపి, కారణం కాగితం మీద రాసి ఇస్తాం, మిగతా బిల్లు ఆగదు. ఒక తలుపు చట్రం వంకరగా ఉందని పది గదుల పని డబ్బు బిగబట్టడం మేమూ చేశాం. ఇక చేయం.

"ఇంటివాళ్లు ఇస్తేనే నీకు" అన్న షరతు మా పాత ఒప్పందాలన్నింటిలో ఉండేది. అది తీసేశాం. బ్రిటన్‌లో 1996లో చేసిన నిర్మాణ చట్టం, పైవాళ్లు దివాలా తీసిన సందర్భంలో తప్ప, ఇలాంటి షరతులు చెల్లవంది. అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ప్రధాన కాంట్రాక్టరు తనకు డబ్బు అందిన ఏడు రోజుల్లో సబ్‌కాంట్రాక్టరుకు ఇవ్వాలి. మమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేదు. అయినా, మీకూ మాకూ మధ్య జరిగే జాప్యాన్ని గోడ కట్టిన మనిషి ఎందుకు భరించాలో నాకు సమాధానం దొరకలేదు.

మరి మీ వాయిదా ఆలస్యమైతే? దానికి ఒక నెల బిల్లులకు సరిపడా నిల్వ విడిగా పెట్టాలనుకున్నాం. ఇప్పటికి సగమే కూడింది, కూలికి సరిపోతుంది, సామానుకు చాలదు. ఆ నిల్వ నిండేదాకా కొత్త పనులు ఒప్పుకోవడం లేదు. పెద్ద అడ్వాన్సులు కావాలన్న ఇద్దరు సబ్‌కాంట్రాక్టర్లు మమ్మల్ని వదిలి వెళ్లారు. అందువల్ల రెండు ఇళ్లలో టైల్స్ పని వెనకపడింది. ఆ ఇంటివారికి కొత్త తేదీలు విడిగా చెప్పాం.

మీ నుంచి కావలసినవి రెండు. వాయిదా కాగితంతో పాటు ఇకమీదట ఒక పేజీ లెక్క పంపుతాం: ఏ పని ఎంత కొలిచాం, ఎంత ఇచ్చాం, ఎంత ఆపాం, ఎందుకు ఆపాం. సందేహం ఉంటే ఏడు రోజుల్లోపే అడగండి, ఆ ఒక్క పద్దు పక్కన పెట్టి మిగతాది కట్టండి. రెండోది, "ఇక్కడ ఇంకో రెండు పాయింట్లు పెట్టు బాబూ" అని కరెంటు వాళ్లకు నేరుగా చెప్పకండి. వాళ్లు మొహమాటానికి పెట్టేస్తారు. తర్వాత ఆ పని ఏ బిల్లులోనూ ఉండదు, దాని డబ్బు ఎవరివ్వాలో తేలదు. మాకు ఒక్క మెసేజి పెట్టండి. ధర రాసి పంపుతాం, మీరు సరేనన్నాకే గోడ కొడతారు.

ఆగిపోయిన ఇంటి సెంట్రింగ్ మేస్త్రికి పాత బకాయి మొత్తం, ఆ మూడు వారాల వడ్డీతో సహా ఇచ్చాం. వచ్చే సోమవారం నుంచి తిరిగి పనిలోకి వస్తానన్నాడు. ఈ నెల 25న కొలతలు అక్కడే ఉదయం ఎనిమిదింటికి మొదలవుతాయి, ఆ తర్వాత మిగతా సైట్లకు వస్తాం. వీలైనవాళ్లు మీ ఇంటి దగ్గర ఉండండి. మూసేయబోయే గోడల్లోని పైపులు, వైర్లు ముందు కొలిచి ఫోటోలు తీస్తాం.