పాడటానికి వచ్చిన పిల్లల్ని నిలబెట్టి ఉపన్యాసాలా?

సంపాదకులకు నమస్కారం.

అంతర్జాతీయ యువ బృందగాన ఉత్సవం ప్రారంభ కచేరీ గురించి సోమవారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ‘అంగరంగ వైభవంగా’ జరిగిందట. ఫొటోలో వేదిక మీద వరసగా కూర్చున్న పెద్దలు, వాళ్ల చేతుల్లో పూలగుచ్ఛాలు. పాడిన పిల్లలు వెనక మసకగా, తలకాయలు మాత్రమే. కింద ‘ఆర్కెస్ట్రా బృందాలతో అతిథులు’ అని రాశారు. ఆ పిల్లల్లో ఒక్కరి చేతిలోనూ వాయిద్యం లేదు మహాశయా! ఎవరైనా సరిదిద్దుతారేమోనని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆరింటికి కచేరీ అన్నారు. ఆరున్నరకి పిల్లల్ని తెచ్చి మెట్ల మీద నిలబెట్టారు. మొదటి పాట మొదలయ్యేసరికి ఏడూ నలభై. పాడాల్సిన బృందాలు ఆరు, మాట్లాడినవాళ్లు ఏడుగురు. అందులో ఒకాయన సంగీతానికి భాషతో పనిలేదన్న ముక్కని ఇరవై నిమిషాలు భాషలోనే వివరించారు. నేను మూడో వరసలో ఉన్నాను కనక కనిపించింది. ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయి, పాడే అమ్మాయి ఒకతి, రెండో మెట్టు మీద, పాటల ఫైలు గుండెకి హత్తుకుని ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉండుండి గుటకలు మింగుతోంది. మోకాళ్లు బిగబట్టుకుని ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరిగి పడిపోతారని క్వయర్‌లో, అంటే బృందగానంలో, పాడిన ఎవరికైనా తెలుసు. కుర్రతనంలో నేనూ బేస్, అంటే మగగొంతుల్లో కింది స్థాయి, పాడినవాణ్ణే. గొంతు సవరించుకుని వచ్చిన పిల్లల్ని గంటకు పైగా ఏసీ గాలిలో నోరు మూయించి నిలబెడితే ఆ తయారీ అంతా ఏ గంగలో కలిసినట్టు?

దీన్ని మించిన ఘోరం ఇంకోటి ఉంది. మొదటి బృందాన్ని పాడించే కండక్టర్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. సెకనుకి 440 కంపనాల ఆ ఒక్క స్వరం నుంచే సొప్రానో (పై స్థాయి ఆడగొంతు), ఆల్టో, టెనార్ (పై స్థాయి మగగొంతు), బేస్, ఎవరి స్వరం వాళ్లకి సన్నగా హమ్ చేసి అందించింది. చేతులు లేపింది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. సరిగ్గా అప్పుడే యాంకర్ మైకు అందుకుని, ఇప్పుడే విచ్చేసిన ఫలానా వారికి కరతాళధ్వనులతో స్వాగతం పలకమంది. కండక్టర్ చేతులు దించేసింది. చప్పట్లు, ఫొటోలు అన్నీ అయ్యాక మళ్లీ శ్రుతిదండం, మళ్లీ హమ్. వాద్యం తోడు లేని పాటకి ఆ స్వరమే ఆధారమని యాంకర్‌కి తెలియకపోవచ్చు, నిర్వాహకులకైనా తెలియొద్దా? ఇంతా చేసి ఆ ఫలానా వారు మొదటి పాట సగంలోనే లేచి వెళ్లిపోయారు. వారి వెంటే కెమెరాలూ.

మైకుల గురించి చెప్పకపోవడమే మేలు. అంతమంది గొంతుల్ని ఒక్క గొంతు చేయడానికి కండక్టర్ నెలల తరబడి తంటాలు పడితే, వీళ్లు సొప్రానోల ముందు మైకులు పాతి ఎకో పెంచారు. బేస్ పాడేవాళ్ల పెదవులు కదలడం చూశాను. వినలేదు.

చివరికి ఆరు బృందాలూ కలిసి పాడాల్సిన ఉమ్మడి పాటని టైం చాల్లేదని ఎత్తేశారు. ఇలాంటి ఉత్సవాలకి ప్రాణమే అది. ఎవరి దేశంలో వాళ్లు నేర్చుకుని వచ్చి, ఇక్కడ ఒకటో రెండో రిహార్సల్స్‌తో కలిపి పాడేస్తారు. ఐరోపాలోని చిన్న దేశం ఎస్టోనియాలో 1869లో టార్టు పట్టణంలో మొదలైన పాటల పండుగ ఇప్పటికీ రాజధాని టాలిన్‌లో ఐదేళ్లకోసారి జరుగుతుంది. వేలమంది ఒకే కండక్టర్ చేతిని చూస్తూ పాడతారు. 1988లో సోవియట్ పెత్తనం వద్దని అక్కడి జనం ఆ పండుగ జరిగే మైదానంలోనే గుమిగూడి పాడారు. ఇక్కడేమో ఒక పాటకి ఐదు నిమిషాలు దొరకలేదు.

ఈ ఒక్క కార్యక్రమమనే కాదు, అధికారులు చెయ్యి పెట్టిన ఏ సాంస్కృతిక కార్యక్రమమైనా ఇంతే. నాటకానికి వెళ్తే తెర లేచే ముందు గంటసేపు సన్మానాలు. పుస్తకావిష్కరణలో పుస్తకం తెరిచి చూసినవాళ్లు కనపడరు. అడిగితే ‘ప్రోటోకాల్ అండీ’ అంటారు. గంటసేపు నిలబడ్డ పిల్లలకి మంచినీళ్లు ఇవ్వాలని ఏ ప్రోటోకాల్‌లోనూ రాసి లేదు కాబోలు.

మీ విలేకరి కూడా అతిథులతోపాటే వెళ్లిపోయినట్టున్నారు. వార్తలో ఏడుగురి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. ఏ బృందం ఏ దేశం నుంచి వచ్చింది, ఏం పాడింది అన్నది ఒక్క ముక్క లేదు. కనీసం ఇప్పుడైనా వేయండి.

ఆదివారం ముగింపు కచేరీ ఆహ్వానపత్రం నిన్న చేతికొచ్చింది. అతిథుల పేర్లు ఈసారి తొమ్మిది. పాడేవాళ్ల గురించి అట్టడుగున చిన్న అక్షరాల్లో రెండు మాటలు: ‘అనంతరం సంగీతం’. నేనైతే ఆ ‘అనంతరం’ వేళకే బయల్దేరతాను.

ఇట్లు,
మీ పాత చందాదారు