ఇకపై ఫోటోలు అదే రోజు ఇవ్వలేను, ఎందుకో చెబుతాను

ఏళ్ల తరబడి మన స్టూడియోని నమ్ముకుని వస్తున్న మీకు ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి. పోయిన నెల ఒక ఇంటి వేడుకకు నేను తీసిన ఫోటోల్లో సగానికి పైగా పోయాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పోలేదు. అసలవి కార్డులోకి చేరనే లేదు. ఆ విషయం ఎక్కించేటప్పుడు బయటపడింది.

128 జీబీ అని రాసున్న ఆ మెమరీ కార్డును నాకు ఎప్పటినుంచో సరుకిచ్చే మనిషి దగ్గరే కొన్నాను. లోపలున్న చిప్ 32 జీబీది. ఇలాంటి నకిలీ కార్డు కెమెరాకీ కంప్యూటర్‌కీ తాను 128 జీబీ అనే చెప్పుకుంటుంది. 32 నిండాక వచ్చే ఫోటోలను తీసుకున్నట్టే ఉంటుంది, దాచదు. ఫోటో తీసిన వెంటనే కెమెరా వెనక తెర మీద కనిపించేది కెమెరా బఫర్‌లోని (కార్డుకి పంపేముందు కాసేపు దాచుకునే చోటు) బొమ్మ, కార్డులోంచి చదివింది కాదు. అందుకే ఆ రోజంతా నాకు అనుమానం రాలేదు. రాత్రి కార్డు రీడర్‌లో పెట్టి కెమెరా ఫోటోలుంచే డీసీఐఎం ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి, కాపీ కూడా పూర్తయింది. ఒక్కొక్కటీ తెరిచి చూస్తుంటే మొదటి వెయ్యి పైచిలుకు బాగున్నాయి. అక్కణ్ణుంచి అన్నీ ఖాళీ.

పొరపాటున డిలీట్ అయిన ఫోటోలైతే, వాటి చోట కొత్తవి పడనంతవరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తేవచ్చు. మీలో ఎంతోమందికి అలా తెచ్చిచ్చాను. ఈసారి తేవడానికి అందులో ఏమీ లేదు.

ఆ కార్డు అమ్మినతన్ని అడిగితే ముందు నా కార్డ్ రీడర్ పాడైందన్నాడు, తర్వాత నా కెమెరాదే తప్పన్నాడు. అతని కళ్ల ముందే కార్డు నిండా రాయించి, మళ్లీ చదివించి చూపించాను. అప్పుడు ‘నాకూ పైనుంచి అలాగే వచ్చింది’ అని ఇంకో కార్డు చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు. కార్డుకి బదులు కార్డు ఇస్తాడు సరే, ఆ ఇంటి పెద్దావిడ ఉన్న ఫోటో ఒక్కటీ మిగల్లేదే, దానికి బదులేమిస్తాడు? ఇన్నేళ్లలో ఒక్క ఫోటో పోగొట్టని చేయి నాది. ఆ మాట ఇక అనలేను. ఇకమీదట అతని గడప తొక్కను.

నా తప్పూ ఉంది. నా కెమెరాలో కార్డులు పెట్టే స్లాట్లు రెండున్నాయి. ఒకటి నిండాక రెండోదానికి వెళ్లేలా పెట్టుకున్నాను తప్ప, రెండింటిలోనూ ఒకేసారి రాసేలా పెట్టలేదు. పెట్టుంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ఆ కుటుంబానికి డబ్బంతా తిరిగిచ్చేశాను, వాళ్ల ముందు నిలబడడానికి ముఖం చెల్లలేదు.

ఇక మూడు వారాలు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. సాయంత్రం వేడుక అయితే రాత్రికే ఫోటోలు మీ చేతిలో పెట్టడం మన స్టూడియోకి పేరు తెచ్చింది. ఆ పేరు వదులుకోవాలా వద్దా అని ఎటూ తేల్చుకోలేకపోయాను. మానేస్తే మీలో కొందరు ఇంకోచోటికి వెళ్తారని తెలుసు. మానకపోతే, తొందరలో కార్డు తుడిచేసి మర్నాటి పనికి పట్టుకెళ్లే పాత అలవాటే మళ్లీ వస్తుంది. చివరికి మానేశాను. ఇకపై మూడో రోజు ఇస్తాను. ఎవరెంత తొందరపెట్టినా ఇందులో మార్పు లేదు.

ఆ మూడు రోజుల్లో జరిగేది ఇది: కార్డులోంచి ఫోటోలు తీసేసేలా ‘కట్’ చేయను, కాపీయే చేస్తాను, అదీ రెండు వేరువేరు డిస్కుల్లోకి. కాపీ అసలుతో సరిపోయిందో లేదో చెక్‌సమ్‌తో, అంటే ఫైలులోని డేటా నుంచి కంప్యూటర్ లెక్కకట్టే అంకెతో పోల్చి చూస్తాను, తర్వాత ప్రతి ఫోటోనీ తెరిచి చూస్తాను. రెండు కెమెరాలతో తీస్తే ఒకే నంబరున్న ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా వేరే ఫోల్డర్లు. మీరు ఫోటోలు తెరిచి, బాగున్నాయని చెప్పేదాకా ఆ కార్డు ఫార్మాట్ కాదు. కొత్తగా కొన్న ఏ కార్డయినా నిండా రాసి చదివించాకే కెమెరాలోకి వెళ్తుంది.

పోయిన నెల నా దగ్గర ఫోటోలు తీయించుకున్న మిగతావాళ్లు కంగారు పడొద్దు. ఆ కార్డు వాడింది ఆ ఒక్క రోజే. అయినా మీ ఫైళ్లన్నీ మళ్లీ తెరిచి చూశాను, బాగున్నాయి. మీరూ ఒకసారి చివరి ఫోటో దాకా తెరిచి చూసుకోండి. ఏదైనా తెరుచుకోకపోతే వెంటనే ఫోన్ చేయండి, మీ కాపీ నా దగ్గర ఇంకా ఉంది.