జెండాతో ఫొటో సరే, చిరుగు చూసేదెవరు?

సంపాదకుల వారికి,

ఢిల్లీ వెళ్లినవాళ్లు ఇండియా గేట్ ముందో, ఎర్రకోట ముందో, కన్నాట్ ప్లేస్ సెంట్రల్ పార్కులోని పెద్ద జెండా కిందో ఫొటో దిగకుండా తిరిగి రారు. దిగాల్సిందే. ఆ పార్కులో స్తంభం ఎత్తు 207 అడుగులు. జెండా పొడవు 90, వెడల్పు 60 అడుగులు. 2014లో అది ఎగిరింది. ఆ తర్వాత నగరమంతటా 115 అడుగుల స్తంభాల మీద 500 జెండాల పథకాన్ని అప్పటి ఢిల్లీ ప్రభుత్వం చేపట్టింది. రాజధానిలో కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒక మూల మూడు రంగులు పడుతున్నాయి.

ఫోనుతో తీసేవారి కంట పడనిది దూరపు లెన్సు పెట్టినవారికి దొరికిపోతుంది. ఇటీవల ఒక కూడలిలో, జెండా వెనుక నుంచి ఎండ పడే వేళ చూసుకుని ఫొటో తీశాను. పెద్దది చేసి చూస్తే ఆకుపచ్చ పట్టీ చివర కుట్టు ఊడి, పోగులు జానెడేసి వేలాడుతున్నాయి. కాషాయం వెలిసిపోయింది. స్తంభం చుట్టూ తిరిగినా, అది ఎవరి నిర్వహణలో ఉందో చెప్పే అక్షరం ముక్క లేదు. కాపలా మనిషి మాత్రం చప్పున వచ్చి ట్రైపాడ్ తీసేయమన్నాడు. ఫొటో చూపించి పైన జెండా చిరిగిందంటే, అది తన పని కాదన్నాడు. నిజమే, అతని పని కాదు. ఎవరి పనో ఆ చుట్టుపక్కల ఒక్కరికీ తెలియదు.

చిరగడాన్ని తప్పుపట్టడం లేదు. అంత ఎత్తున గాలికి జెండా కొస అదేపనిగా కొట్టుకుంటుంది. దానికి తోడు మే నెల ఎండ, దుమ్ము, ఆపైన వాన. అయితే చిరిగిన, నలిగిన జెండాను ఎగరవేయరాదని 2002 నాటి జెండా నియమావళి స్పష్టంగా చెబుతోంది. పాడైనదాన్ని నలుగురి కంట పడకుండా, గౌరవంగా, వీలైతే కాల్చి పూర్తిగా లేకుండా చేయాలనీ అందులోనే ఉంది.

పూర్వం సూర్యోదయానికి ఎగరేసి సూర్యాస్తమయానికి దించేవారు. రోజూ రెండుసార్లు ఎవరో ఒకరు ఆ గుడ్డను చేత్తో పట్టుకునేవారు. మడతపెట్టేటప్పుడు చిన్న పిగులైనా తెలిసిపోయేది. భారీ స్తంభాల మీద, తగిన వెలుతురు ఉంటే, రాత్రి కూడా ఎగరేయవచ్చని 2009లో కేంద్ర హోం శాఖ ఒప్పుకుంది. 2022 సవరణతో పౌరుల ఇళ్లకూ ఆ వీలు వచ్చింది. సంతోషమే. కానీ రాత్రింబగళ్లు పైనే ఉండే జెండాను ఇప్పుడు దగ్గరగా చూస్తున్నవి కెమెరాలు మాత్రమే.

ఆ కెమెరాలనే వాడుకుంటే పోతుంది కదా! ప్రతి స్తంభం మొదట్లో ఒక పలక పెట్టండి. నిర్వహించే కార్యాలయం పేరు, ఫొటో పంపడానికి ఫోను నంబరు, జెండాను చివరిసారి మార్చిన తేదీ. ఈ మూడిట్లో నా దృష్టిలో తేదీయే ముఖ్యం. అది నెలల తరబడి మారకపోతే ఎవరూ ఫిర్యాదు చేయకముందే సంబంధిత అధికారికి మొహం చెల్లదు.

చిరిగిన జెండా ఫొటో బయట పెడితే, జాతీయ జెండాను అవమానించడాన్ని నేరంగా చూసే 1971 నాటి చట్టం కింద ఎక్కడ ఇరుక్కుంటామో అని జంకేవారున్నారు. చట్టబద్ధంగా మార్పు కోరుతూ చేసే విమర్శ నేరం కాదని ఆ చట్టంలోనే వివరణ ఉంది. ఆ మాట కూడా పలక మీద వేస్తే జనం ధైర్యంగా పంపుతారు.

ఇక ట్రైపాడ్ సంగతి. పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి ముందే అనుమతి తీసుకోవాలి. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. బహిరంగ కూడళ్లలో మాత్రం ఆ పూట కాపలా ఉన్న మనిషి నోటి మాటే చట్టంగా నడుస్తోంది. ఏది కుదురుతుందో, ఏది కుదరదో అదే పలక కింద రెండు ముక్కలు రాయించమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు
ఒక పాఠకుడు