ఒక్క ఓటు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పిల్లలు బాగున్నారా? మొన్న అమెరికా నుంచి ఫోన్‌లో నువ్వన్న మాట బుర్రలోంచి పోవడం లేదు. "మీది పార్లమెంటు, మాది రిపబ్లిక్. ఇక్కడ ఒకసారి గెలిస్తే నాలుగేళ్లు టెన్షన్ ఉండదు" అన్నావు. మొదటి ముక్క సరిచేసుకోరా. మనదీ రిపబ్లిక్కే, జనవరి 26న బడిలో జెండా కింద నిలబడింది అందుకేగా! దేశాధినేత పదవి తండ్రి నుంచి కొడుక్కి రాకపోతే రిపబ్లిక్. ప్రభుత్వం చట్టసభ నమ్మకం మీదే నిలబడితే పార్లమెంటరీ. బ్రిటన్‌లో రాజున్నాడు, పార్లమెంటరీ పద్ధతీ ఉంది. అమెరికా రిపబ్లిక్, కానీ పార్లమెంటరీ కాదు. మనం రెండూ.

1999 ఏప్రిల్ 17 గుర్తుందా? శనివారం. హాస్టల్ టీవీ గదిలో చోటు చాలక కిటికీ ఊచలు పట్టుకుని చూశాం. వాజ్‌పేయి గారి విశ్వాస తీర్మానానికి అనుకూలం 269, వ్యతిరేకం 270. స్పీకర్ కుర్చీలో మన అమలాపురం బాలయోగి గారు. ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యాక కూడా గిరిధర్ గమాంగ్ ఎంపీ పదవి వదులుకోలేదు, వచ్చి వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన రాకపోయుంటే 269–269! అప్పుడు తేల్చాల్సింది బాలయోగి గారి ఓటే. ఆ లెక్క వేసుకుంటూ నువ్వు మెస్సుకి కూడా రాలేదు. నాకు మాత్రం ఇంకొకటి నాటుకుపోయింది. దేశాన్నేలే మనిషి ఒక్క ఓటు తక్కువైందని వెళ్లి రాజీనామా ఇచ్చేశాడు. ఆయన ఏ నేరమూ చేయలేదు. సభ నమ్మకం పోయింది, అంతే.

మీ దగ్గర అలా కుదరదు కదా. అధ్యక్షుడి మీద అభియోగం మోపాలి, సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది దోషి అనాలి. 2021లో ట్రంప్‌ విషయంలో 57 మంది అన్నా సరిపోలేదు. సెనేట్ తీర్పుతో దిగిపోయిన అధ్యక్షుడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

1948 నవంబర్ 4న అంబేడ్కర్ గారు రాజ్యాంగ సభలో ఈ సంగతే విడమరిచారు. స్థిరత్వం, జవాబుదారీతనం రెండూ సమానంగా దొరకవు, మనం జవాబుదారీతనానికే పెద్దపీట వేశాం అన్నారు. నా మనసూ అటేరా.

నొప్పి లేదనను. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని గవర్నర్ దించేశారు. మెజారిటీ ఉందని చూపించడానికి ఆయన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. నెల తర్వాతే కుర్చీ తిరిగొచ్చింది. బలమెంతో సభలోనే తేలాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పడానికి 1994లో బొమ్మై తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. క్యాంపు రాజకీయాలైతే ఇప్పటికీ పోలేదు, అది తలుచుకుంటే కడుపు మండుతుంది.

జవాబు రాయి. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

నీ
రాంబాబు