చేపల సంక్షేమానికి ఒకే కొలమానం చాలదు

సంపాదకులకు,

పెంపకపు చేపల సంక్షేమం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా, ఘనపు మీటరు నీటిలో ఎన్ని కిలోల చేపలున్నాయన్న ఒక్క లెక్కతోనే తీర్పు చెప్పేయడం పరిపాటిగా మారింది. సాంద్రత ముఖ్యమే కానీ, ఆర్కిటిక్ చార్ వంటి జాతి చేపలు పలుచగా ఉన్నప్పుడే ఒకదానిపై ఒకటి ఎక్కువగా దాడి చేసుకుంటాయని మరువరాదు.

ఏ పద్ధతి ఇబ్బందులు ఆ పద్ధతివే. మట్టి చెరువులో రాత్రంతా చేపలతో పాటు నాచు, సూక్ష్మజీవులు కూడా శ్వాసిస్తాయి కనుక తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. మధ్యాహ్నానికి కిరణజన్య సంయోగక్రియ వల్ల పీహెచ్ పెరిగి, అమ్మోనియాలో విషపూరితమైన భాగం ఎక్కువవుతుంది. అటువంటి చోట ఉదయం పది గంటలకు ఒక్కసారి నీటిని పరీక్షించి అంతా సవ్యంగా ఉందని రాసుకోవడం, నా దృష్టిలో, తనిఖీ అనిపించుకోదు. నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే తొట్లలో ఆక్సిజన్‌ను నిలకడగా ఉంచవచ్చు గానీ, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, చేపల వ్యర్థాలను బాక్టీరియాతో శుద్ధిచేసే బయోఫిల్టర్ కుదురుకోకముందు చేపలకు హానిచేసే నైట్రైట్ పెరగడం అక్కడి ప్రమాదాలు. సముద్రపు పంజరాల్లోనైతే పరాన్నజీవులను, వలకు ఒరుసుకున్న గాయాలను వెతకాలి.

అందువల్ల నీటితో పాటు చేపనూ గమనించాలి. మొప్పల కదలిక వేగం, రెక్కల అంచుల అరుగుదల, మేత వేసినప్పటి స్పందన చేపను పట్టకుండానే చాలావరకు తెలుస్తాయి. ఒత్తిడిని తెలిపే హార్మోన్ అయిన కార్టిసాల్ పరీక్షకైతే చేపను పట్టుకోవడమే ఆ విలువను పెంచేస్తుంది. మరణాల లెక్క సరేసరి, అది జరగవలసిన నష్టం జరిగాక తెలిసే సంగతి. ధ్రువీకరణ ఇచ్చే సంస్థలు పద్ధతివారీగా వేర్వేరు సూచికలను నిర్ణయించి, పరీక్షించిన వేళలతో సహా ఆ నమోదులను కొనుగోలుదారులకు అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు